పాత మోటారు సైకిలు: పెట్రోలు కారడం, స్టార్టు కాకపోవడం

(పాల సంఘాల కార్యదర్శులకు, పాలు చేరవేసే సభ్యులకు జరిగిన శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



సహకార ఇన్‌స్పెక్టరు వచ్చి మోటారు సైకిలు గురించి మాట్లాడడం ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నాది సహకార డిప్లొమా, మెకానిక్కు డిప్లొమా కాదు. అయితే 28 సంవత్సరాలుగా సంఘాల తనిఖీకి పాత బండి మీదే తిరుగుతున్నాను. దారిలో అది ఆగిపోయినప్పుడల్లా ఏదో ఒకటి నేర్చుకున్నాను. నేను నేర్చుకున్నది మీకు చెప్పడానికి ఒక కారణం ఉంది. ముందు ఆ సంగతి చెబుతాను.

2019 వానాకాలంలో పడమటి మండలాల్లోని ఒక చిన్న సంఘం లెక్కలు చూడడానికి వెళ్ళాను. పాల ఖాతాలో 78 లీటర్లు 'విరిగిన పాలు' అని నమోదై ఉంది. లీటరు 30 రూపాయల చొప్పున 2,340 రూపాయలు. ఈ నష్టం ఎవరు భరించాలన్న దాని మీద సర్వసభ్య సమావేశంలో పెద్ద గొడవే జరిగిందట. సంఘమే భరించాలని కొందరు, పాలు తీసుకువెళ్ళిన కుర్రవాడి కూలిలో పట్టుకోవాలని మరికొందరు. ఆ కుర్రవాణ్ణి పిలిపించి అడిగాను.

"ఏం నాయనా, ఆ రోజు ఏం జరిగింది?"

"ఏం చెప్పేది సార్. రెండు క్యాన్లు కట్టుకుని బయల్దేరినా. మూడు మైళ్ళు పోతానే బండి ఆగిపాయె. కిక్కు కొట్టి కొట్టి కాలు నొప్పి పుట్టె. పది నిమిషాలు కూచుంటే మళ్ళా లేచె. ఇంకో మైలు పోతే మళ్ళా ఆగిపాయె. కూలరు కాడికి పోయేసరికి పొద్దెక్కింది. పాలు కాచి చూస్తే విరిగిపోయినాయి."

"మెకానిక్కుకు చూపించావా?"

"చూపించినా సార్. కార్బురేటరు మార్చాలన్నాడు. యాడ తెచ్చేది అంత డబ్బు?"

బండి దగ్గరికి వెళ్ళి చూశాను. వాననీళ్ళు దిగకుండా పెట్రోలు ట్యాంకు మూతకు ప్లాస్టిక్ కవరు చుట్టి, రబ్బరు బ్యాండు గట్టిగా బిగించి ఉంది. కవరు తీసేయమన్నాను. బండి స్టార్టు చేసి ఆరు మైళ్ళు పోయి రమ్మన్నాను. ఎక్కడా ఆగకుండా పోయి వచ్చాడు.

ట్యాంకు మూతలో గాలి పోవడానికి సన్నని రంధ్రం ఉంటుంది. లోపలి పెట్రోలు తగ్గేకొద్దీ ఆ రంధ్రం గుండా గాలి లోపలికి రావాలి. గాలి రాకపోతే పెట్రోలు కిందికి దిగదు. రెండు చిల్లులు పెట్టనిదే నూనె డబ్బాలో నుంచి నూనె ధారగా పడదని మీ ఇళ్ళలో ఆడవాళ్ళకు తెలుసు. ఇదీ అంతే. ఒక ప్లాస్టిక్ కవరు వల్ల 78 లీటర్ల పాలు పోయాయి. ఒక పేదవాడి మీద నింద పడింది. సంఘంలో మనస్పర్థలు వచ్చాయి.

పితికిన పాలను 4 గంటల లోపల 4 డిగ్రీలకు చల్లబరచాలని మీకు ప్రతి శిక్షణలోనూ చెబుతారు. ఆ నాలుగు గంటల్లో బండి దారిలో ఆగి ఎంత సమయం తిన్నా దాని మూల్యం మన పాలే చెల్లిస్తాయి. అందుకే ఈ విషయం సంఘం విషయమే అంటున్నాను.

ఏ బండ్ల గురించి చెబుతున్నాను?

2020 ఏప్రిల్ నుంచి అమలైన కొత్త కాలుష్య నిబంధనల తరువాత వచ్చిన మోటారు సైకిళ్ళలో చాలావాటికి పాతరకం కార్బురేటరు లేదు. వాటిలో కంప్యూటరు చెప్పినట్టు పెట్రోలు చిమ్ముతుంది. వాటి జోలికి మనం వెళ్ళనవసరం లేదు. కాని మన పల్లెల్లో పాలు మోసే బండ్లలో పాతవి ఇంకా చాలా ఉన్నాయి. 1985లో వచ్చిన సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ వంటి 97.2 సీసీ బండ్లు, బుల్లెట్లు, అక్కడక్కడ రాజ్‌దూత్‌లు. వీటన్నిటి ఏర్పాటు ఒకటే. పైన ట్యాంకు, దాని కింద పెట్రోలు కాక్, అక్కడి నుంచి రబ్బరు పైపు, పైపు చివర కార్బురేటరు. పెట్రోలును తోసే పంపు ఏదీ లేదు. కాలువలో నీరు పల్లానికి పారినట్టు పెట్రోలు తన బరువుతోనే దిగుతుంది.

కార్బురేటరు అడుగున చిన్న గిన్నె ఉంటుంది. గిన్నెలో ఫ్లోట్ అనే బెండు తేలుతుంది. గిన్నె నిండగానే బెండు పైకి లేచి, నీడిల్ అనే చిన్న సూదిని పైకి నొక్కి, పెట్రోలు వచ్చే దారి మూస్తుంది. గిన్నెలో తగ్గితే బెండు దిగి దారి తెరుచుకుంటుంది. మన ఇంటి మీద నీళ్ళ ట్యాంకులో ఉండే బాల్ వాల్వు చేసే పని ఇదే. ఈ ఒక్క సంగతి అర్థమైతే సగం జబ్బులు మీకు మీరే పట్టుకోవచ్చు.

ముందుగా ఒక హెచ్చరిక

పెట్రోలు కారుతున్న బండి పక్కన బీడీ, అగ్గిపెట్టె, దీపం ఉండకూడదు. బండిని ఆరుబయట నిలపండి. ఇంజను చల్లారిన తరువాతే చెయ్యి పెట్టండి. కాలిన సైలెన్సరు మీద పెట్రోలు బొట్టు పడితే ప్రమాదం. నోటితో పైపు పీల్చి పెట్రోలు తీసే అలవాటు మానండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ మాట పుస్తకం చూసి చెప్పడం లేదు. నా బండి వయసు 24 ఏళ్ళు. ఒక రాత్రి ఆలస్యంగా వచ్చి, కాక్ కట్టకుండా, తులసి కోట పక్కనే వసారాలో నిలిపి పడుకున్నాను. తెల్లవారుజామున నా భార్య దీపం పెట్టడానికి వచ్చి అగ్గిపుల్ల చేతిలో పట్టుకుని ఆగిపోయింది. "ఏమండీ, పెట్రోలు వాసన వస్తోంది, లేవండి" అని కేకేసింది. చూస్తే బండి కింద నేలంతా తడి. ఆమెకు ఆ రోజు జలుబు చేసి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించండి. ఆనాటి నుంచి బండి ఆపగానే నా చెయ్యి తాళం కంటే ముందు కాక్ మీదికి పోతుంది.

పెట్రోలు ఎక్కడ కారుతున్నది?

పెట్రోలు ఒకచోట పుట్టి మరొకచోట కనిపిస్తుంది. ఇంటి పైకప్పు కారినట్టే. బొట్టు పడేచోటు చూసి మోసపోకండి. కాక్, పైపు, కార్బురేటరు పొడి గుడ్డతో శుభ్రంగా తుడవండి. వాటి చుట్టూ సుద్దపొడి పలుచగా అద్దండి. బండి కింద అట్టముక్క పరచండి. అప్పుడు కాక్ తెరచి ఐదు నిమిషాలు కూర్చుని చూడండి. తడిసినచోట సుద్ద రంగు మారుతుంది. తడిసిన వాటిలో అన్నిటికంటే పైన ఉన్న చోటే అసలు మూలం.

ఆ మూలం ఈ ఐదింటిలో ఒకటి అవుతుంది.

ఒకటి, ట్యాంకు అడుగు. ఏళ్ళ తరబడి నీరు అడుగున నిలిచి, తుప్పు పట్టి, సన్నని చిల్లు పడుతుంది. దీనికి సబ్బు, ఎంసీల్ అద్దడం తాత్కాలికం. ట్యాంకును వెల్డింగుకు ఇచ్చేముందు పూర్తిగా కడిగి, ఆవిరి పోగొట్టడం తెలిసినవాడికే ఇవ్వండి. ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదం.

రెండు, కాక్. ట్యాంకుకు బిగించేచోట వాషరు, పిడి తిరిగేచోట ప్యాకింగు, కింది చిన్న కప్పు దగ్గర రబ్బరు రింగు, ఈ మూడూ ఎండి పగులుతాయి. మరొక పరీక్ష కూడా చేయాలి. కాక్ కట్టి, పైపు కొన ఊడదీసి, చిన్న స్టీలు గిన్నెలో పెట్టండి. కట్టిన తరువాత కూడా చుక్కలు పడుతుంటే కాక్ లోపల అరిగింది. అటువంటి కాక్ ఉన్నా లేనట్టే.

మూడు, రబ్బరు పైపు. వంచి చూస్తే పగుళ్ళు కనిపిస్తాయి. రెండు కొనల క్లిప్పులు ఉన్నాయో లేదో చూడండి. క్లిప్పు బదులు సన్న తీగ కట్టితే అది పైపును కోసేస్తుంది.

నాలుగు, కార్బురేటరు గిన్నె అంచు రబ్బరు, దాని అడుగున ఉన్న స్క్రూ. అరిగిన స్క్రూను బలంగా తిప్పితే మర చెడుతుంది. గిన్నె అల్యూమినియం జాతి లోహం, ఇనుము కాదు.

ఐదు, ఓవర్‌ఫ్లో పైపు. కార్బురేటరు నుంచి కిందికి వేలాడే సన్నని పైపు ఇది. దీనిలో నుంచి పెట్రోలు పడుతుంటే, కాక్ కట్టగానే ఆగుతుంటే, తప్పు ఆ పైపుది కాదు. లోపల నీడిల్ దారి మూయడం లేదు. నలక అడ్డుపడి ఉండవచ్చు, నీడిల్ కొన అరిగి ఉండవచ్చు, బెండుకు చిల్లుపడి పెట్రోలు నిండి మునిగి ఉండవచ్చు. ముందు స్క్రూడ్రైవరు పిడితో గిన్నెను మెల్లగా రెండు మూడుసార్లు తట్టండి. తగ్గకపోతే అడుగు స్క్రూ వదులు చేసి, కాక్ తెరచి, కాస్త పెట్రోలును గిన్నెలోకి పట్టి మళ్ళీ బిగించండి. చాలాసార్లు నలక కొట్టుకుపోతుంది. అప్పటికీ కారుతుంటే గిన్నె విప్పించండి. బెండును చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోలు చప్పుడు వినిపిస్తుంది. ఓవర్‌ఫ్లో పైపుకు పుల్ల దోపి కారడం ఆపేవారిని చూశాను. అది చాలా తప్పు. బయటికి పోయే దారి మూస్తే పెట్రోలు ఇంజను లోపలికి పోతుంది.

ఇంజను ఆయిలు పెరిగితే సంతోషించకండి

నా బండికి జరిగింది అదే. ఒక మెకానిక్కు కార్బురేటరు మార్చాడు. నెల తిరగకుండా మళ్ళీ కారింది. రెండోసారి మార్చాడు. మళ్ళీ కారింది. చివరికి నేనే కాక్ కింది కప్పు విప్పి చూస్తే ఎర్రని తుప్పు పొడి. ట్యాంకు లోపల తుప్పు రాలి, నీడిల్ కింద చేరుతున్నది. ఎన్ని కార్బురేటర్లు మార్చినా పైనుంచి తుప్పు వస్తూనే ఉంటుంది గదా! ట్యాంకు కడిగించి, కాక్ జల్లెడ మార్చి, పైపులో చిన్న ఫిల్టరు పెట్టించిన తరువాత జబ్బు నయమైంది.

ఈ లోపల మరొక నష్టం జరిగింది. ఆయిలు కొలిచే పుల్ల తీసి చూస్తే నేను పోసినదానికంటే మట్టం పైకి వచ్చింది. నీళ్ళు కలిపితే పాలు ఎక్కువవుతాయి, లాక్టోమీటరు మాత్రం కిందికి దిగుతుంది. ఇదీ అటువంటి పెరుగుదలే. పెట్రోలు సిలిండరు గుండా దిగి ఆయిలులో కలిసింది. వేళ్ళ మధ్య రుద్దితే ఆయిలు పలుచగా ఉంటుంది, పెట్రోలు వాసన వస్తుంది. అటువంటప్పుడు ఒక్క కిక్కు కూడా కొట్టవద్దు. ఆ ఆయిలు మొత్తం తీసి, కారడం బాగుచేసి, కొత్త ఆయిలు పోసిన తరువాతే నడపండి. లేకపోతే పిస్టను, బేరింగులు అరిగి వేల రూపాయల పని పడుతుంది. ఇది 4 స్ట్రోకు బండ్లకు వర్తిస్తుంది. పెట్రోలులోనే ఆయిలు కలిపే పాత 2 స్ట్రోకు బండ్లలో ఈ ఆయిలు పుల్ల ఉండదు.

స్టార్టు కాకపోతే ఏ వరుసలో చూడాలి?

ఫ్యాటు తక్కువ వచ్చిందని వెంటనే గేదెను అమ్ముకోం. శాంపిలు సరిగా తీశారా, గేదె దాణా ఏమిటి, ఈని ఎన్నాళ్ళయింది అని వరుసగా చూస్తాం. బండికీ వరుస కావాలి. దానికి కావలసినవి మూడు: పెట్రోలు, నిప్పు, బిగువు.

మొదట ఖర్చులేనివి చూడండి. ట్యాంకులో పెట్రోలు ఉందా? కాక్ తెరిచి ఉందా? మామూలులో అయిపోతే రిజర్వులో పెట్టండి. మూత రంధ్రం మూసుకుందా? మూత తెరవగానే 'స్స్' అని గాలి పీల్చిన చప్పుడు వచ్చి, తరువాత బండి లేస్తే జబ్బు దొరికినట్టే. చలికాలం తెల్లవారుజామున చోక్ వేసి, యాక్సిలరేటరు తిప్పకుండా కిక్కు కొట్టండి. లేచాక ఒకటి రెండు నిమిషాల్లో చోక్ తీసేయండి. మరచిపోతే ప్లగ్గు మసిబారి, పెట్రోలు వృథా అవుతుంది.

అయినా లేవకపోతే ప్లగ్గు విప్పండి. వైద్యుడికి నాలుక ఎటువంటిదో బండికి ప్లగ్గు అటువంటిది.

పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. కాక్ జల్లెడ, పైపు, కార్బురేటరు జెట్టు, ఈ వరుసలో చూడండి. నెలల తరబడి నిలిపిన బండిలో పాత పెట్రోలు జిగురులా గట్టిపడి, సన్నని జెట్టును మూసేస్తుంది. జెట్టును ఇనుప తీగతో పొడవకండి. రంధ్రం పెద్దదై ఎప్పటికీ పెట్రోలు ఎక్కువ తాగుతుంది. గాలితో ఊదించండి.

తడిగా ఉంటే పెట్రోలు వస్తున్నది, అయితే ఎక్కువయింది లేదా నిప్పు లేదు. కాక్ కట్టి, చోక్ తీసి, ప్లగ్గు ఆరబెట్టి తుడిచి, పావుగంట ఆగి, యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్కు కొట్టండి.

పొడి మసి ఉంటే ఎయిర్ ఫిల్టరు చూడండి. గడ్డి పొట్టు, దాణా బస్తాల దుమ్ము మన బండ్లకు పట్టినంతగా పట్నం బండ్లకు పట్టదు. కాగితం ఫిల్టరును నీటిలో, పెట్రోలులో ముంచకండి, దులిపి పెట్టండి. మరీ పాతదైతే మార్చండి. నూనె జిడ్డుగా ఉంటే రింగులు, వాల్వుల వరకు పోయింది, అది మెకానిక్కు పని. లేత గోధుమ రంగులో ఉంటే ప్లగ్గు ఆరోగ్యంగా ఉన్నట్టు.

నిప్పు పరీక్ష జాగ్రత్తగా చేయాలి. పెట్రోలు కారుతున్న బండికి ఈ పరీక్ష అసలు చేయవద్దు. కారడం లేదని నిశ్చయించుకుని, బండిలోని ప్లగ్గును దాని స్థానంలోనే బిగించి ఉంచండి. వేరొక మంచి ప్లగ్గును క్యాపులో పెట్టి, దాని లోహపు భాగం ఇంజనుకు తగిలేటట్టు ఉంచి కిక్కు కొట్టండి. నీలి రవ్వ గట్టిగా కనిపించాలి. ఎర్రగా, బలహీనంగా వస్తే, లేదా రాకపోతే, ముందు క్యాపు తీసి తడి తుడవండి. వానలో సగం బండ్లు దీనివల్లే ఆగుతాయి. అప్పటికీ రాకపోతే కాయిలు, వైర్ల సంగతి మెకానిక్కుకు వదలండి.

పెట్రోలు, నిప్పు రెండూ ఉండి కూడా లేవకపోతే కిక్కు గమనించండి. కాలికి ఎదురు తగలకుండా వట్టిగా జారిపోతుంటే లోపల బిగువు పోయింది. ఇక కొట్టి ప్రయోజనం లేదు, షాపుకు తీసుకువెళ్ళండి.

ఇప్పటి పెట్రోలు గురించి ఒక మాట

మన దేశంలో పెట్రోలులో ఇథనాలు కలపడం 2022 నాటికి పదో వంతుకు, 2025 నాటికి ఐదో వంతుకు చేరింది. పాత బండ్ల రబ్బరు సామాను దానికోసం తయారైంది కాదు. పైపులు, వాషర్లు, గిన్నె రబ్బరు కొన్ని ఉబ్బుతాయి, కొన్ని పెళుసుబారతాయి. ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే అది ఇథనాలుతో కలిసి ట్యాంకు అడుగుకు చేరి, తుప్పుకు, మొరాయింపుకు కారణమవుతుంది. అందుచేత పాత రబ్బరు సామాను మార్చేటప్పుడు ఇథనాలు పెట్రోలుకు తట్టుకునే రకం అడిగి తీసుకోండి. బండిని నెలల తరబడి నిలిపేటట్టయితే కాక్ కట్టి, కార్బురేటరు గిన్నె ఖాళీ చేసి ఉంచండి.

సంఘానికి సంబంధించి నా సలహాలు

పాలు పరిసరాల వాసనను త్వరగా పట్టుకుంటాయి. పాలు పోసే గదిలో, క్యాన్ల పక్కన బండిని నిలపకండి. కారే బండికి క్యాన్లు కట్టకండి. పెట్రోలు చేతులతో క్యాను మూత ముట్టుకోకండి. పరీక్ష కోసం పట్టిన పెట్రోలును శాంపిలు సీసాల్లో, పాల గిన్నెల్లో పోయడం నేను రెండు సంఘాల్లో చూశాను. ఒక్క సీసా వాసన వస్తే ఆ పూట శాంపిళ్ళన్నీ అనుమానమే.

బండి సంఘానిదైతే మరమ్మతు రిజిస్టరు పెట్టండి. తేదీ, జబ్బు, మార్చిన సామాను, ఖర్చు నాలుగు గళ్ళు చాలు. ఏది మార్చినా పాత సామాను వెనక్కి తీసుకోండి. పాత సామాను చూపకుండా బిల్లు వస్తే నేను తనిఖీలో తప్పక అడుగుతాను. నా బండి రెండు కార్బురేటర్ల కథ ఇటువంటి రిజిస్టరు ఉంటే రెండోసారికే బయటపడి ఉండేది.

చివరిగా, ఆ 78 లీటర్ల సంగతి ఏమైందని మీరు అడగవచ్చు. విచారణలో కుర్రవాడి నిర్లక్ష్యం లేదని రాశాను. నష్టాన్ని సంఘమే భరించాలని పాలకవర్గం తీర్మానించింది. ఆ కుర్రవాడు ఇప్పటికీ అదే బండి మీద పాలు మోస్తున్నాడు. వానాకాలంలో ట్యాంకు మూత మీద కవరు చుట్టడం లేదు, కొబ్బరి చిప్ప బోర్లించి పైన తాడు వేస్తాడు. నీళ్ళు దిగవు, గాలి ఆడుతుంది. ఆ ఉపాయం నాకు తోచింది కాదు, అతనిదే.

మీరు ఇళ్ళకు వెళ్ళాక మరేమీ చేయకపోయినా ఈ సాయంత్రం మూడు పనులు చేయండి. బండి ఆపగానే కాక్ కట్టండి. పెట్రోలు పైపు వంచి పగుళ్ళు ఉన్నాయేమో చూడండి. ఆయిలు పుల్ల తీసి మట్టం చూడండి. మొత్తం ఐదు నిమిషాల పని. రేపు పొద్దున పాలు వేళకు కూలరు చేరతాయి.